అలర్ట్ పంపాక ఏమవుతుందో చూడు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ కంపెనీ కంప్రెసర్లతో పాటు వాటి డేటా చూసి ముందే హెచ్చరించే సర్వీసు కూడా అమ్మబోతోందని, ఆ పని నీకే అప్పగించారని రాశావు. కస్టమర్ ఏం చూసి బాగుందంటాడని కదా నీ ప్రశ్న. నేను ముప్పై ఏళ్లు మెయింటెనెన్స్‌లో, అంటే కొనేవాడి వైపు ఉన్నవాణ్ణి. అటునుంచే చెబుతాను.

డేటా చూపించే తెర, అదే డ్యాష్‌బోర్డు, మొదటి వారం అందరూ చూస్తారు. తర్వాత తెరిచేవాడే ఉండడు. అసలు పరీక్ష అలర్ట్ వచ్చిన రోజున మొదలవుతుంది. ఒకసారి రాత్రి షిఫ్టులో బేరింగ్ పోబోతోందని ఒక సప్లయర్ నుంచి మెసేజ్ వచ్చింది. లైను ఆపి విప్పితే బేరింగ్ నిక్షేపంగా ఉంది, సెన్సర్ బిగింపే వదులైంది. అలా మూడుసార్లు జరిగాక మావాళ్లు ఆ మెసేజ్‌లు చదవడం మానేశారు. నాలుగోది నిజమైంది. 'మేం పంపాం కదా' అని సప్లయర్ రికార్డు చూపించాడు. కాంట్రాక్టు ప్రకారం అతని తప్పేం లేదు. రెన్యువల్ మాత్రం చెయ్యలేదు.

'వైబ్రేషన్ పెరిగింది' అనడం సగం మాటే. ఇంకా ఎన్నాళ్లు నడపొచ్చు, ఏ స్పేర్ తెప్పించాలి, అలా ఎందుకు అనుకుంటున్నారు? ఇవి కూడా చెప్పాలి. స్పేర్ రావడానికి ఆరు వారాలు పట్టేచోట రెండు రోజుల ముందు చెబితే టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు.

శాతాల గురించీ ఒక మాట. మెషిన్ 99 శాతం సమయం నడుస్తుందంటే ఏడాదిలో 87 గంటలకు పైగా ఆగొచ్చన్నమాట. అవి ఏ గంటలన్నదే కస్టమర్ బాధ. శాతాల బదులు గంటలనే లెక్కగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 1962లోనే బ్రిస్టల్ సిడ్లీ కంపెనీ వైపర్ అనే తన విమాన ఇంజన్ల నిర్వహణకు ఎగిరిన గంటకింత అని వసూలు చేసింది. కొన్నవాడు లెక్కపెట్టుకునేది కూడా ఆ గంటలే కాబట్టి వాదనకు చోటు తక్కువ.

ఇందులో ఒక చిక్కుంది. మీ సర్వీసు బాగా పనిచేసిన నెలలో ఏమీ జరగదు. ఏమీ జరగనప్పుడు 'దీనికి డబ్బెందుకు' అని అకౌంట్స్ వాళ్లు అడుగుతారు. అందుకే ఏ అలర్ట్ నిజమైందో, ఏది తప్పిందో నెలనెలా ఒక పేజీ రాసి పంపు. తప్పినవి దాచకు. నా మట్టుకు నేను తప్పు ఒప్పుకున్నవాడి తర్వాతి అలర్ట్‌నే నమ్మేవాణ్ణి.

డేటా ఎవరు చూస్తారో కూడా ముందే చెప్పు. కంప్రెసర్ ఎన్ని గంటలు నడిచిందో తెలిస్తే ఉత్పత్తి ఎంతో ఊహించొచ్చు. ఆ భయం కస్టమర్ పైకి అనడు.

ఈసారి కస్టమర్ దగ్గరికి వెళ్లినప్పుడు మేనేజర్‌తో మాట్లాడి వచ్చేయకు. రాత్రి షిఫ్టు ఫిట్టర్ని కలిసి, మీ అలర్ట్ వస్తే ముందుగా ఏం చేస్తాడో అడుగు. ఏమన్నాడో నాకు రాయి.

మీ పెదనాన్న