పాప భద్రమైన అభ్యంగనం గురించి పెద్దమ్మ ఉత్తరం

అమ్మాయ్,

బిషప్ గారు మీ విచారణకు, అంటే మీ గుడికి, వచ్చే తేదీ ఖరారైందని, జ్ఞానస్నానం పొందిన పాప విశ్వాసాన్ని తైలం పూసి స్థిరపరిచే భద్రమైన అభ్యంగనం ఇస్తారని మొన్న ఫోన్‌లో చెప్పావు. ఆ వెంటనే ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీ, క్యాటరింగ్ అంటూ టెన్షన్ పడిపోయావు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను.

ముందు జ్ఞానతల్లి సంగతి, అంటే ఆ రోజు పాప వెనక నిలబడి తర్వాత కూడా దాని విశ్వాసానికి అండగా ఉండే మనిషి సంగతి తేల్చు. మీ ఆయన ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసే ఆవిడను అడుగుదామనుకుంటున్నారు కదా. ఆవిడ మంచి మనిషే అయ్యుంటుంది. కానీ పాప పెద్దదయ్యాక, నీతో కూడా చెప్పుకోలేని బాధ ఒకటి వస్తే, ఆవిడ గడప తొక్కుతుందా? అది ఆలోచించు. జ్ఞానతల్లిగా నిలబడే మనిషి కతోలికురాలై ఉండాలి, తనూ అభ్యంగనం పొంది ఉండాలి, మామూలుగా పదహారేళ్ళు నిండి ఉండాలి. కన్నవాళ్ళు నిలబడకూడదు. జ్ఞానస్నానం నాడు నిలబడ్డవాళ్ళే ఇప్పుడూ నిలబడితే మంచిదని శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, చెబుతుంది. పాపకు అప్పుడు నిలబడింది నీ చిన్నాడపడుచు. సత్తెనపల్లిలో బట్టలు కుట్టుకుని బతుకుతుందని వెనకాడకు. ఏ పుట్టినరోజూ మరిచిపోకుండా పాపకు ఫోన్ చేసేది ఆవిడే. నన్నడిగితే ఆవిడే నిలబడాలి.

తర్వాత, ఆ రోజు ఏం జరుగుతుందో పాపకు ముందే విడమరిచి చెప్పు. నాకు 1965లో, పదేళ్ళప్పుడు ఇచ్చారు. అప్పట్లో బిషప్ గారు తైలం పూశాక చెంప మీద మెల్లగా తట్టేవారు. విశ్వాసం కోసం కష్టం వస్తే ఓర్చుకోవాలని దాని అర్థం. ఆ అర్థం మాకెవరూ చెప్పలేదు. బిషప్ గారు కొడతారట అని రాత్రంతా భయపడి, పొద్దున వణుకుతూ వెళ్ళాను. ఆరవ పౌలు పోపు గారు 1971లో కొత్త క్రమం తెచ్చాక ఆ తట్టడం లేదు. అయినా తెలియనిదేదైనా పిల్లలకు భయమే.

పూజలో సువిశేషం, అంటే యేసు ప్రభువు గురించిన వాక్యం, చదివాక విచారణ గురువులు పిల్లలను బిషప్ గారి ముందుకు పిలుస్తారు. ప్రసంగం అయ్యాక జ్ఞానస్నాన వాగ్దానాలు ఉంటాయి. ఆనాడు పాపను ఎత్తుకుని మీరు చెప్పిన మాటలను ఇప్పుడు అది తన నోటితో చెబుతుంది. ఆ సంగతి దానికి చెప్పు, చాలా గర్వపడుతుంది. బిషప్ గారు అందరి మీదా చేతులు చాచి పవిత్రాత్మ ఏడు వరాల కోసం ప్రార్థిస్తారు. తర్వాత ఒక్కొక్కరే వెళ్ళాలి. జ్ఞానతల్లి వెనక నిలబడి కుడిచెయ్యి భుజం మీద వేస్తుంది. బిషప్ గారు పేరు పెట్టి పిలిచి, తైలంతో నుదుట సిలువ గుర్తు వేస్తారు. పాప గట్టిగా ‘ఆమెన్’ అనాలి. అందుకే ఆ రోజు పాపిడిబిళ్ళ వద్దు, జుట్టు నుదుటి మీద పడకుండా జడ వెయ్యి. ఆ తైలం ఆలివ్ నూనెలో సుగంధం కలిపి, పవిత్ర వారంలో బిషప్ గారు ఆశీర్వదించింది. ఫోటోలో జిడ్డుగా కనిపిస్తుందని రుమాలు తీసి తుడవకు. ఆ వాసన కాసేపు దాని ముఖం మీద ఉండనీ.

ముందు వారం రోజులు రాత్రి జపమాల అయ్యాక ఒక్కో వరం గురించి ఇంట్లో మాట్లాడుకోండి. వారానికి ఏడు రోజులు, వరాలూ ఏడే. ధైర్యం వంతు వచ్చిన రోజు, క్లాసులో అందరూ ఒకమ్మాయిని ఏడిపిస్తుంటే నువ్వేం చేస్తావని పాపను అడుగు. వాళ్ళ నాన్ననూ కూర్చోబెట్టు. పాపసంకీర్తనం, అదే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం, ముందురోజే చేయించు, మీరూ చెయ్యండి.

ఇక విందు. నేను ఎవరికీ చెప్పని విషయం ఒకటి నీకు చెబుతున్నాను. పెద్దాడి అభ్యంగనానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, రెండు వందల మందికి భోజనాలు పెట్టాను. పూజ జరుగుతున్నంతసేపూ నేను గుడి వెనక గాడిపొయ్యి దగ్గరే ఉన్నాను. వాడు సాయంత్రం నాలుగింటికి తిన్నాడు. రాత్రి పడుకునే ముందు, ‘అమ్మా, బిషప్ గారు నన్ను పేరు పెట్టి పిలిచారు, విన్నావా?’ అని అడిగాడు. నేను వినలేదు. అప్పు రెండేళ్ళలో తీరింది. ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ నాతోనే ఉంది.

నువ్వు మొదటి పాట నుంచి చివరి ఆశీర్వాదం దాకా పాపకు కనిపించేలా కూర్చో. వంట మనిషికి అప్పగించు. దగ్గరివాళ్ళు ముప్పై మందిని పిలువు. కోడికూర, పులావు, గారెలు, పెరుగు చాలు. ముందుగా పాపకు వడ్డించు. మీ విచారణలో చుట్టాలెవరూ రాని పిల్లలు ఒకరిద్దరుంటారు, వాళ్ళను పాప పక్కనే కూర్చోబెట్టు. నెలల తరబడి పాఠాలు చెప్పిన ఉపదేశి గారికి, ఆయన భార్యకు బట్టలు పెట్టు. అందరూ బిషప్ గారికి శాలువా కప్పుతారు, ఉపదేశి గారిని మరిచిపోతారు. చదివింపులు వస్తే పాప పేరు మీద బ్యాంకులో వెయ్యి. గుణదల మరియమాత పండుగలో కొన్న జపమాల ఒకటి నా దగ్గరుంది, నేనిచ్చేది అదే.

ఒక్క పని మాత్రం వాయిదా వెయ్యకు. పాపకు జ్ఞానస్నానం మా ఊళ్ళో అయింది కాబట్టి, అభ్యంగనం అయిన వివరం ఇక్కడి జ్ఞానస్నానం రిజిస్టర్‌లోనూ ఎక్కాలి. మా చిన్నమ్మాయి విషయంలో ఎవరూ ఎక్కించలేదు, నేనూ అడగలేదు. గుడిలో పెళ్ళి ప్రకటన చీటీలు చదివే ముందు కాగితం కోసం మూడు వారాలు తిరిగాం. నువ్వు అక్కడ అభ్యంగనం అయినట్టు చీటీ తీసుకుని నాకివ్వు, ఇక్కడి ఫాదర్ గారి దగ్గర నేను రాయిస్తాను.

ముందురోజు మధ్యాహ్నం ఫిరంగిపురంలో బస్సెక్కి చీకటి పడకుండా గుంటూరు వచ్చేస్తాను. గారెల పప్పు నేనొచ్చాకే నానబెట్టు.

మీ పెద్దమ్మ