ఆదివారం ఆరాధించే మనిషీ, సోమవారం పనిచేసే మనిషీ ఒకరే కావాలంటే?

"ఆరాధనలో కన్నీళ్లతో పాడే నేనే మర్నాడు పనిలో అందరిలాగే ప్రవర్తిస్తున్నాను. క్రైస్తవ స్వభావంతో రోజంతా బతకడం సాధ్యమేనా? పనిచోట నా విశ్వాసాన్ని చాటుకోవాలా?" అని మీరు అడిగారు. మొదటి ప్రశ్నను నేనూ చాలా ఏళ్లు మోశాను. సాధ్యమే. కాకపోతే నేను వెతికిన చోట అది దొరకలేదు.

అప్పట్లో ఆఫీసులో నా బల్ల మీద వాక్యం రాసిన చిన్న పలక ఉండేది. చెడ్డ మాట మాట్లాడేవాడిని కాను, ఆరాధన మానేవాడిని కాను. అది చాలనుకున్నాను. ఒకసారి నేను సరిచూసి పంపిన నివేదికలో రెండు అంకెలు తారుమారయ్యాయి. పై అధికారి అందరి ముందూ "ఇది ఎవరు చూశారు?" అని అడిగారు. దాన్ని టైపు చేసిన సహోద్యోగి, నాకన్నా బాగా చిన్నవాడు, నా వైపు చూశాడు. నేను కాగితాల్లోకి తల దించుకున్నాను. చీవాట్లు అతనికి పడ్డాయి.

ఆ ఆదివారం ప్రభుబల్ల, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" (1 కొరింథీ 11:28) అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం వినగానే ఆ సహోద్యోగి చూపు గుర్తుకొచ్చింది. రొట్టె పళ్లెం నా వరుసకు వస్తే నేను తీసుకోకుండా పక్కవారికి అందించేశాను.

సోమవారం అదే గదిలో, అదే మనుషుల ముందు "ఆ లెక్కలు సరిచూసింది నేనే. తప్పు నాది" అన్నాను. నాలుక పిడచకట్టుకుపోయింది. అధికారి "సరే" అని తర్వాతి విషయానికి వెళ్లిపోయారు. బయటికి వచ్చాక ఆ సహోద్యోగి ఒక్క మాటే అన్నాడు: "ఆ రోజే చెప్పాల్సింది." నిజమే.

ఎందుకు నోరు మెదపలేదని తర్వాత చాలా ఆలోచించాను. తప్పని తెలియక కాదు, పేరు పోతుందన్న భయం. అప్పుడు కొలొస్సీ 3:12 కొత్తగా కనబడింది. జాలి, దయ, వినయం, సాత్వికం, దీర్ఘశాంతం ధరించుకోమనే ముందే, ఆ పత్రిక రాసిన అపొస్తలుడైన పౌలు కొలొస్సీలోని విశ్వాసులను దేవుడు ఏర్పరచుకున్నవారు, ప్రియులు అంటాడు. ముందు పిలుపు, ఆ తర్వాతే వస్త్రం. నేను దాన్ని తిరగేసి బతికాను: మంచిగా ఉంటే ప్రియుడినవుతానని. అలా బతికేవాడు తప్పు ఒప్పుకోలేడు, ఒప్పుకుంటే తనకు మిగిలేదేమీ ఉండదు కనుక. తన తప్పుతో దేవుని ప్రేమ పోదని నమ్మినవాడికి ఒప్పుకోవడం కష్టమే, కానీ ప్రాణం మీదికి రాదు.

ఆత్మ ఫలం, అంటే పరిశుద్ధాత్మ మనిషిలో పండించే గుణాల గురించి కూడా ఒక మాట. గలతీ 5:22-23లో తొమ్మిది గుణాలున్నా "ఫలము" అని ఏకవచనమే ఉంది. ఓపికలో తప్పాను, ఆశానిగ్రహంలో గట్టెక్కాను అని విడివిడిగా మార్కులు వేసుకునే అలవాటు నాకుండేది. అది మానేశాను.

ఇప్పుడు ఉదయం ప్రార్థనలో ఒకటి అడుగుతాను: ఈ రోజు ఎవరిని తప్పించుకు తిరగాలనుకుంటున్నాను? పేరు వెంటనే తడుతుంది. పనిలోకి వెళ్లగానే ముందు వారినే పలకరిస్తాను. ఇంకొకటి, "చూస్తాను లెండి" అనడం మానేశాను. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలన్నాడు ప్రభువు (మత్తయి 5:37). చేయగలిగితే ఎప్పటికల్లా చేస్తానో చెబుతాను, లేకపోతే కుదరదంటాను. నా మెత్తని అబద్ధాల్లో సగం ఆ ఒక్క మాటలోనే దాక్కుని ఉండేవి. ఇంట్లోవాళ్లను క్షమించమని అడగడం ఇంతకన్నా కష్టం. అక్కడ ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

ఇక చాటుకోవడం గురించి. విశ్వాసాన్ని దాచకండి. కానీ అపొస్తలుల కార్యములు 11:26 చూడండి. అంతియొకయ పట్టణంలో యేసు శిష్యులు మొట్టమొదట క్రైస్తవులని "అనబడిరి". కొత్త నిబంధన మొత్తంలో ఆ పేరు మూడుసార్లే వస్తుంది. వాళ్ల బతుకు చూసినవాళ్లు పెట్టిన పేరుగానే నేను దాన్ని అర్థం చేసుకుంటాను.

ఆ సహోద్యోగి చాలా నెలలు నాతో పని మాటలే మాట్లాడాడు. ఒక రోజు తన నివేదిక తెచ్చి "పంపే ముందు ఒకసారి చూస్తారా?" అని అడిగాడు. ఆ అంకెలు మూడుసార్లు సరిచూశాను.