21 రోజులైనా పిల్లలు బయటకు రాలేదు, పెంకు ఒలవచ్చా?

నాటు కోడి పొదిగి 21 రోజులైంది, రెండు గుడ్లకు బీట పడింది కానీ పిల్లలు రాలేదని అడిగారు. టెన్షన్ పడకండి, దయచేసి పెంకు ఒలవకండి. బీట పడ్డాక పిల్ల బయటికి రావడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. ఆలోపు పెంకు లోపలి పొరలో రక్తనాళాలు ఎండాలి, మిగిలిన పచ్చసొన పిల్ల కడుపులోకి చేరాలి. తొందరపడి ఒలిస్తే రక్తం కారి పిల్ల చనిపోవచ్చు. ఆ సొన బలంతోనే పుట్టిన పిల్ల రెండు రోజులు మేత లేకున్నా ఉంటుంది.

గంప మాటిమాటికీ ఎత్తి చూడకండి. వెచ్చదనం, తేమ తల్లి చూసుకుంటుంది. గుడ్డులోంచి వచ్చే కిచకిచలకు అది మెల్లగా బదులు పలకడం వినండి, ఎంత బాగుంటుందో! దగ్గర్లో నూకలు, లోతులేని పళ్లెంలో నీళ్లు పెట్టండి. 23వ రోజు దాటినా అలికిడి లేని గుడ్లు తీసేయండి.