ఉచ్చులు తీయించే ముందు ముసలాళ్లతో మాట్లాడు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

సంక్రాంతికి వచ్చినప్పుడు రామాలయం దగ్గర మీటింగ్ పెట్టి, దుప్పుల్ని చంపడం మాన్పిస్తానని ఫోన్‌లో అన్నావు. పని మంచిదే. మీటింగ్ మాత్రం వద్దు. మైకు పట్టుకుని 'మూగజీవాల్ని చంపడం పాపం' అని మొదలుపెట్టావంటే ముందు వరసలో ముసలాళ్లు తువ్వాలు దులుపుకుని లేచిపోతారు. వాళ్లలో చాలామంది మీ తాత వెంట వేటకని వెలిగొండ కొండలెక్కినవాళ్లే.

మీ తాత కాలం వేరు. పొలం కాపలాకని లైసెన్సు తుపాకీ ఉండేది. కోతలయ్యాక పదిమంది కలిసి కొండకు పోయేవాళ్లు. దుప్పి పడితే పేల్చినవాడికి ఒక వాటా, తోలినవాళ్లకు తలా ఒకటి, ఊళ్లో మంత్రసాని ఇంటికి కూడా ఒక కుప్ప వెళ్లేది. మిగిలిన దాన్ని మీ నాయనమ్మ ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఎండేసేది. నేనూ తిన్నాను. ఇప్పుడు చెంపలు వేసుకోమంటే వేసుకోను, అప్పటి బతుకు అట్లాంటిది. చూడి దుప్పిని కొట్టకూడదనీ, ఎండాకాలం మడుగు దగ్గర మాటు వేయకూడదనీ వాళ్లలో వాళ్లకు కట్టుబాటు ఉండేది. అందరూ పాటించారని చెప్పను కానీ, తప్పినవాడు చాటుగా తప్పేవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా కొన్నాళ్లు లైసెన్సుతో వేట నడిచింది. 1991 సవరణతో ఆ దారీ మూసుకుపోయింది. తుపాకులు అటకెక్కాయి, ముసలాళ్లు ఊరుకున్నారు.

ఇప్పుడు నడుస్తున్నది నువ్వు దగ్గరుండి చూడాలి. కంచెకంపలో దుప్పులు దూరే సందు ఉంటుంది, అటూ ఇటూ ఆకులకు వెంట్రుకలు అంటుకుని ఉంటాయి. అక్కడ మోటార్ సైకిల్ క్లచ్ వైరుతో ఉరి వేసి, రెండో కొస మొద్దుకు కడతారు. తల దూర్చిన దుప్పి ముందుకు గుంజేకొద్దీ వైరు బిగుస్తుంది. కాలు పడితే ఎముక దాకా కోసుకుపోతుంది. చూడిదో, పాలు తాగే పిల్లో, పక్కింటివాళ్ల దూడో, ఏది పడితే అది. పెట్టినవాడు పొద్దున రాకపోతే అక్కడే కుళ్లుతుంది. వస్తే ఫోన్లో బేరం, టౌనుకు పార్సిల్. ఊళ్లో ఎవరికీ వాటా లేదు. దీని మీద ముసలాళ్లకు నీకంటే ఎక్కువ మంట ఉంది, అడిగేవాళ్లు లేక నోరు మెదపడం లేదు.

కాబట్టి ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లు. తాతా, దుప్పులు ఏ వాగులోకి దిగుతాయో ఒకసారి చూపించవా అని అడుగు, అంతకంటే ఏమీ అనకు. కర్ర పట్టుకుని నీకంటే ముందు నడుస్తారు. ఏ సందులో ఉచ్చు పెడతారో చెప్పేది కూడా వాళ్లే. కనపడిన ఉచ్చు నువ్వు పీకొద్దు. ఫోటో తీసి, చోటు గుర్తు పెట్టుకుని అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు చెప్పు. కేసు నిలవాలంటే అది ఉన్నచోటే ఉండాలి.

తర్వాత రైతులు. దుప్పులు మేసి కంది, మినుము నష్టపోయినవాడి దగ్గర పర్యావరణం అంటే వాడికి ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. నష్టం ఫోటోలు తీయించి అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అర్జీ నువ్వే రాసిపెట్టు. డబ్బు వెంటనే వస్తుందని ఆశ పెట్టకు. మోటారు లైను నుంచి తీగ లాగి చేను చుట్టూ కట్టేవాళ్లను మాత్రం గట్టిగా ఆపు. సోలార్ కంచెలో కరెంటు సెకనుకోసారి చురుక్కుమని వదిలేస్తుంది, జంతువు బెదిరి పోతుంది. లైను తీగ వదలదు. రాత్రి మడవ మార్చడానికి వెళ్లిన రైతే దానికి బలవుతాడు.

మేకలు, గొర్రెలు ఉన్నవాళ్లకు ఇంకో మాట చెప్పు. దుప్పి ఈతకు ఒకటే పిల్లను వేస్తుంది, మోసేది ఏడెనిమిది నెలలు. ఒక్క పెద్దపులికే ఏడాదికి దాదాపు 50 దుప్పుల్లాంటి జంతువులు కావాలి. అడవిలో అవి తగ్గితే చిరుతలు ఎవరి దొడ్లోకి వస్తాయో వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

కుర్రాళ్ల దగ్గర మాత్రం చట్టం తీయి. పెంచలకోన వైపు ఉన్నది పెనుసిల నరసింహ అభయారణ్యం. అందులో వేటాడితే 3 ఏళ్లకు తక్కువ కాకుండా 7 ఏళ్ల దాకా జైలు, జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. మోసుకొచ్చిన బండి కూడా పోతుంది. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. దాన్ని అభయారణ్యం బయట కొట్టినా శిక్ష అంతే. మాంసం కొన్నవాడూ ముద్దాయే అని తెలిస్తే సగం విందులు ఆగిపోతాయి.

మన వసారాలో ఉన్న కొమ్ముల సంగతి మర్చిపోకు. నువ్వు నోరు తెరవగానే ఎవడో ఒకడు 'ముందు మీ ఇంట్లోవి తియ్యి' అంటాడు. మీ తాత అప్పట్లో కొమ్ములు ఉన్నాయని డిక్లరేషన్ ఇచ్చి సర్టిఫికెట్ తీసుకున్నాడేమో పాత ట్రంకు పెట్టెలో వెతకమని మీ నాన్నతో చెప్పు. దొరకకపోతే తెలిసిన వకీలును ఒక మాట అడిగి రేంజ్ ఆఫీసులో అప్పగించేద్దాం. అమ్మడం, చెత్తలో పారేయడం, రెండూ వద్దు. మీ నాన్న ఒప్పుకోడు, తెలుసు. నేను మాట్లాడతాను.

ఎండాకాలానికి మీ గుంపుకు వేరే పని ఉంటుంది. నీళ్లకు దిగిన దుప్పిని కుక్కలు తరుముతాయి, గట్టు లేని బావుల్లో పడుతుంటాయి. అప్పుడు చుట్టూ మూగి సెల్ఫీలు తీయనివ్వకు. కుక్కల్ని కట్టేయించి, దుప్పి కళ్ల మీద గుడ్డ కప్పి, నీడలో ఉంచి, అటవీ శాఖ వాళ్లు వచ్చేదాకా గోల లేకుండా చూడు. నోట్లో నీళ్లు పోయకూడదు. దెబ్బ తగలకపోయినా బెదురుకే చచ్చిపోతుంది ఆ జీవం. గడ్డిలో పిల్ల ఒంటరిగా కనిపిస్తే ఎత్తుకురావద్దని ఆడవాళ్లకూ, బడిపిల్లలకూ చెప్పు. తల్లి దాన్ని అక్కడ దాచి మేతకు వెళ్తుంది, మనిషి ఉన్నంతసేపూ దగ్గరకు రాదు.

బీట్ ఆఫీసరు నంబరు పంచాయతీ ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాయించమని సర్పంచికి చెప్పాను, సరే అన్నాడు. పండగకు ఒక రోజు ముందే రా. కొండకింది వీధి పెద్దాయనతో మాట్లాడి ఉంచుతాను, పొద్దున్నే బయలుదేరాలి. చెప్పులు కాదు, బూట్లు తెచ్చుకో. అక్కడంతా పల్లేరుకాయలు.

ఇట్లు,
మీ పెదనాన్న