మైక్రోబయోమ్ అంటే మోజు సరే, 40 లక్షల అప్పెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాది. ఎండను, ఉప్పునేలను తట్టుకునేలా మొక్కలకు సాయపడే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తానంటోంది. అమెరికాలో మైక్రోబయోమ్ ఎంఎస్ చేయించమని బంధువుల ఒత్తిడి. 40 లక్షలు అప్పు చేయాలి. ఇక్కడ ఎంఎస్సీ చేస్తే భవిష్యత్తు ఉంటుందా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అసలు భయం అమ్మాయి లోకానికి అర్థంకాని చదువులో చిక్కుకుపోతుందేమోనని. ముందు ఆ చదువేమిటో చూడండి. మైక్రోబయోమ్ అంటే మొక్కలోనో జంతువులోనో కలిసి బతికే సూక్ష్మజీవుల గుంపు.

అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో వేడినీటి బుగ్గల పక్కన ఒక గడ్డి పెరుగుతుంది. మన సామలు, వరిగలకు చుట్టమే. వేళ్ల దగ్గర నేల 65 డిగ్రీలున్నా బతుకుతుంది. కారణం దాని లోపల కాపురముండే కర్వులేరియా అనే బూజు. రెండింటినీ విడదీస్తే 40 డిగ్రీలకే రెండూ చేతులెత్తేస్తాయి. 2007లో ఇంకో ముడి విప్పారు: ఆ బూజులో ఒక వైరస్ ఉంది. వైరస్‌ను తీసేస్తే వేడిని తట్టుకునే గుణం పోయింది, మళ్లీ ఎక్కిస్తే తిరిగొచ్చింది. పశువుల్లోనూ ఇంతే. సుబాబుల్ ఆకులోని మైమోసిన్ పొట్టలో డీహెచ్‌పీ అనే పదార్థంగా మారి ఆస్ట్రేలియా పశువులకు విషమైంది. హవాయి మేకలకు ఏమీ కాలేదు, ఎందుకంటే వాటి పొట్టలో ఆ డీహెచ్‌పీని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఉంది. ఆ పొట్ట ద్రవాన్ని తీసుకెళ్లి ఎక్కిస్తే ఆస్ట్రేలియా పశువులూ కోలుకున్నాయి.

తీసి చూడటం, తిరిగి పెట్టి చూడటం. ఈ రంగంలో విద్యంటే అదే. ఇప్పుడు ఫ్యాషనైన మూడు నెలల సీక్వెన్సింగ్ (డీఎన్ఏ చదివే) కోర్సుల మీద నాకు అనుమానం అక్కడే. అవి చేతికిచ్చేది పేర్ల జాబితా. ఎవరున్నారో చెబుతాయి, ఎవరు పనిచేస్తున్నారో చెప్పవు. పైగా ఆకు నుంచి తీసిన డీఎన్ఏలో 16ఎస్ అనే, బ్యాక్టీరియాను గుర్తుపట్టే జన్యువును చదివితే సగానికి పైగా మొక్క సొంత క్లోరోప్లాస్ట్‌దే (ఆకుకు పచ్చదనమిచ్చే భాగానిదే) రావచ్చు. అది తెలియని పిల్లలు దాన్ని కూడా బ్యాక్టీరియా లెక్కలో రాసేస్తారు.

ఒక మాట కటువుగా అంటాను. ఉత్తరమంతా బంధువులు, అప్పు, భవిష్యత్తు. అమ్మాయి ల్యాబ్‌లో ఏం చేయగలదో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు?

ఈ సెలవుల్లో కాలేజీ ల్యాబ్‌లోనే పరీక్షించుకోమనండి. ఉప్పునేలలో పెరిగిన మొక్క వేళ్లు తెచ్చి 70 శాతం ఆల్కహాల్లో నిమిషం, 2 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో మూడు నిమిషాలు ముంచి, స్టెరైల్ నీళ్లతో ఐదుసార్లు కడగాలి. చివరి కడుగునీళ్లను అగర్ ప్లేటు (సూక్ష్మజీవులు పెరిగే జెల్లీ పళ్లెం) మీద పోయాలి. అందులో కాలనీలు వస్తే పైమట్టి జీవులు ఇంకా పోలేదు, అప్పుడు తీసే కల్చర్ వేళ్ల లోపలి జీవులదేనని నమ్మలేం. ప్లేటు శుభ్రంగా ఉంటేనే వేళ్లు నూరి, లోపలి బ్యాక్టీరియాను పెంచి కల్చర్ తీయాలి. ఆ కల్చర్ పట్టించిన విత్తనాలను కుండీల్లో వేసి, మొలిచాక లీటరుకు 5.8 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు పోయాలి. పక్కనే ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో) చంపిన కల్చర్ పట్టించిన కుండీలు ఉండి తీరాలి. లేకపోతే మొక్క ఏపుగా పెరిగింది బ్యాక్టీరియా వల్లో, ఆ బ్యాక్టీరియాను పెంచిన బ్రాత్ అనే ద్రవంలోని పోషకాల వల్లో తేలదు. నెల రోజులు విసుగు లేకుండా ఇది చేస్తే ఈ దారి ఆమెదే.

పోలిక అడిగారు కాబట్టి: అమెరికాలో ఎంఎస్‌కు మనం కట్టాలి, పీహెచ్‌డీకి చాలాచోట్ల వాళ్లే స్టైపెండ్ ఇస్తారు. ఇక్కడ ఎంఎస్సీ చేసి అక్కడ పీహెచ్‌డీకి వెళ్లినా దారి మూసుకుపోదు. ఒక గొయ్యి మాత్రం ఉంది: చాలా వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్సీ అగ్రికల్చరల్ మైక్రోబయాలజీకి నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్ కావాలి, ప్రాస్పెక్టస్ చూసుకోండి. ఉద్యోగమంటే జీవన ఎరువుల కంపెనీల్లో నాణ్యత పరీక్ష కూడా. పప్పుజాతి పంటలకు నత్రజని అందించే రైజోబియం బ్యాక్టీరియా పొడిలో గ్రాముకు 5 కోట్ల బతికున్న కణాలుండాలన్నది నిబంధన. వేసవిలో వేడెక్కిన గోడౌన్‌లో అవి చస్తాయి. ఆ లెక్క చూడగల మనిషి కావాలి కదా.

ప్రస్తుతానికి బ్యాంకు మాట వదిలేసి, డాబా మీద ఇరవై కుండీలకు చోటివ్వండి.