వెక్టర్ క్లాసు రాయడం రాలేదని బీటెక్ మానిపించాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాం. అబ్బాయి భీమవరంలో సీఎస్ఈ రెండో సంవత్సరం. ఇంటర్లో మ్యాథ్స్ మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పుడు జావా ల్యాబ్‌లో టూడీ వెక్టర్ క్లాసు రాయమంటే చేతులెత్తేశాడు. కాలేజీ మానేసి హైదరాబాద్‌లో గేమ్ డెవలప్‌మెంట్ డిప్లొమా చేస్తానంటున్నాడు. ఫీజు లక్షల్లో ఉంది. మా బావమరిది కొడుకు ఇదే సీఎస్ఈ చదివి అమెరికాలో స్థిరపడ్డాడు. ఏది మంచిది? – ఒక తండ్రి

జవాబు: ఒక ల్యాబ్ ప్రోగ్రామ్ రాకపోతే బుర్ర లేనట్టు కాదండీ. మీరు అడిగింది కోర్సు గురించే అయినా, లోపల ఉన్న భయం ‘మావాడు కోడింగ్‌కి పనికిరాడేమో’ అని. రెండో సంవత్సరం పిల్లల ఇళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్నే ఇది.

మీవాడు ఎక్కడ ఆగిపోయి ఉంటాడో చెబుతాను. వెక్టర్ అంటే ఎంత, ఎటువైపు అనే రెండూ చెప్పే కొలత. క్లాసు అంటే ఇక్కడ పాఠం కాదు, విలువలనూ వాటితో చేసే పనులనూ ఒకచోట పెట్టే ప్రోగ్రామ్ ముక్క. నరసాపురం రేవు నుంచి పంటు (జనాన్ని, బండ్లను ఏరు దాటించే పడవ) సఖినేటిపల్లి వైపు బయల్దేరిందనుకోండి. గోదావరికి అడ్డంగా దాని వేగం గంటకు 4 కిలోమీటర్లు, ప్రవాహం వేగం 3. ప్రవాహం వైపు ఎక్స్, అడ్డంగా వై అనుకుంటే ఒకటి (0, 4), రెండోది (3, 0). కలిపితే (3, 4), దాని పొడవు 5. ఈ లెక్క ఇంటర్లో చేసే ఉంటాడు. ఇప్పుడు ఆ ఎక్స్, వై విలువలను ఒక క్లాసులో పెట్టి, కూడిక ఒక మెథడ్‌గా (ఒక పని చేసిపెట్టే కోడ్‌గా), పొడవు ఇంకో మెథడ్‌గా రాయాలి, అంతే. జావాలో ప్లస్ గుర్తు పెట్టి రెండు వెక్టర్లను కలపడం కుదరదు. పైథాన్, సీ ప్లస్ ప్లస్‌లలో ఆ గుర్తు ఏం చేయాలో మనమే రాసుకోవచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. కూడినప్పుడు కొత్త వెక్టర్ ఇవ్వాలా, పాతదాన్నే మార్చాలా? ప్రోగ్రామ్‌లో రెండు పడవలు ఒకే వెక్టర్ ఆబ్జెక్టును (ఆ క్లాసుతో తయారైన ఒక వెక్టర్‌ను) పట్టుకుని ఉండగా దాన్ని మారిస్తే, ఒకదాన్ని కదిపితే రెండోదీ జరుగుతుంది. తప్పు ఎక్కడుందో దొరక్క పిల్లలు తెల్లవార్లూ కూర్చుంటారు. కొత్తది ఇచ్చేలా రాయమనండి, సగం గొడవ పోతుంది.

ఇక ఆ డిప్లొమా. దాని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. వెక్టర్‌కి భయపడి గేమ్స్‌కి వెళ్లడమేమిటి? గేమ్‌లో బొమ్మ కదలాలంటే ముందు కావాల్సిందే అది. యూనిటీ, గోడో లాంటి గేమ్ తయారీ ఇంజిన్లలో వెక్టర్ టూ అనే టూడీ వెక్టర్ రెడీమేడ్‌గా ఉంటుంది, నిజమే. కానీ కుడి బాణం, పై బాణం కలిపి నొక్కితే బొమ్మ ఏటవాలుగా 1.41 రెట్లు వేగంగా ఎందుకు పరుగెడుతోందో తనకే తెలియాలి. సరిచేయడానికి ఆ వెక్టర్‌ను దాని పొడవుతో భాగించాలి. ఏ బటనూ నొక్కనప్పుడు పొడవు సున్నా, అప్పుడు భాగించకూడదు. బ్రోచర్లో ఇవేమీ ఉండవు, రంగు బొమ్మలుంటాయి. గేమ్ ఆడటం ఇష్టమైన పిల్లలందరికీ తయారుచేయడం ఇష్టం కాదు. పైగా డిగ్రీ అడిగే ఉద్యోగాలకు ఆ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటే ఏ పని, ఎంత జీతం అని కాగితం మీద రాసిమ్మనండి.

మీ మీద కూడా నాకు కోపం ఉంది. చెరువులో పిల్ల వదిలిన వారానికే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంతొచ్చిందని అడుగుతారా? ఆ ఓపిక కొడుకు దగ్గర ఏమైంది? బావమరిది కొడుకు సంగతి రాశారు గానీ, మీవాడికి ఏది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. అమెరికా అబ్బాయి పేరు ఇంట్లో ఎత్తడం మానేయండి. పోలిక పడలేకే పిల్లాడు పారిపోయే దారి వెతుక్కుంటున్నాడని నా అనుమానం.

బీటెక్ ఆపకండి. సెమిస్టర్ సెలవుల్లో గోడో గానీ, పైథాన్‌లో గేమ్స్ రాసుకునే పైగేమ్ గానీ వేసుకోమనండి, రెండూ ఉచితమే. ప్రవాహానికి కొట్టుకుపోకుండా పంటును అవతలి రేవుకి చేర్చే చిన్న గేమ్ చేయమనండి. పూర్తిచేసి ఇంకొకటి మొదలుపెడితే, గేమ్స్ సంగతి బీటెక్ తర్వాత నిజంగానే ఆలోచిద్దాం. ఈలోగా సీట్లు అయిపోతున్నాయని ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫోన్లు చేస్తారు, అడ్వాన్స్ మాత్రం కట్టకండి.