సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ పొద్దున్న ఆన్ అవ్వదు, షాపుకి తీసుకెళ్తే బాగానే పనిచేస్తుంది. ఎందుకు?

మీరు రాసింది ఇదీ: విజయనగరంలో ఏదో ఆఫీసు వాళ్ళు వాడి తీసేసిన డెస్క్‌టాప్ కొన్నారు. పొద్దున్న బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, వెలుగు వస్తుంది, విండోస్ మాత్రం రాదు. ఒక్కోసారి నీలం తెర పడుతుంది. షాపుకి పట్టుకెళ్తే అతను ఏదో నొక్కగానే బుద్ధిగా ఆన్ అవుతుంది. ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా) మార్చమంటున్నాడు, మార్చాలా అని అడిగారు.

ఆగండి. నేను మార్చాను, నాకు అది దండగ ఖర్చయింది.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా అమ్మాయి డిగ్రీ ప్రాజెక్టు కోసం శ్రీకాకుళంలో ఒక షాపులో ఇలాంటిదే 7,500కి తీసుకున్నాను. షాపు కుర్రాడే బండి మీద తెచ్చి, వైర్లు బిగించి, ఆన్ చేసి వెళ్ళాడు. ఆ రోజంతా ఏ ఇబ్బందీ లేదు. మర్నాడు పొద్దున్న నల్ల తెర మీద తెల్ల అక్షరాలు: టైం సెట్ చేసి లేదు, ఎఫ్1 నొక్కు అని. నొక్కాం. విండోస్ గుర్తు వచ్చింది, కింద చుక్కలు రెండు చుట్లు తిరిగాయి, నీలం తెర. దాని మీద చిన్న అక్షరాల్లో 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్', అంటే విండోస్ ఉన్న డిస్క్ అందడం లేదని.

సీపీయూని పాత దుప్పట్లో చుట్టి (ఆ డబ్బా మొత్తాన్నీ మనం సీపీయూ అనే అంటాం, అలవాటు), ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు "ఏటి మాస్టారూ, టీవీయా?" అన్నాడు. షాపతను ప్లగ్గు పెట్టి, ఆన్ చేస్తూనే ఎఫ్2 టకటకా కొట్టి, లోపల ఏదో మార్చి ఎఫ్10 నొక్కాడు. చక్కగా వచ్చింది. "సప్లై వీకు, ఎస్ఎంపీఎస్ మార్చేద్దాం" అన్నాడు. 900. ఇంటికి తెచ్చి పెడితే మళ్ళీ అదే నీలం తెర. రెండోసారి పట్టుకెళ్తే "ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు, ఇంకో 400. అమ్మాయి ప్రాజెక్టు ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి సరిపోయింది. అయినా మర్నాడు పొద్దున్న మళ్ళీ అంతే.

అతను మోసం చేశాడని నేననుకోను. తన టేబుల్ మీద అది నిజంగానే పనిచేస్తోంది. తేడా ఎక్కడుందో అతనికి కనపడే అవకాశం లేదు, ఎందుకంటే ఆ తేడా మా నాన్న.

2018లో తిత్లీ తుఫాను వెళ్ళాక కరెంటు తిరిగొచ్చిన రోజే మా టీవీ కాలిపోయింది. అప్పట్నుంచి ఆయన పడుకునే ముందు ఇల్లంతా తిరిగి ప్రతి స్విచ్‌బోర్డూ ఆపేస్తారు. రథసప్తమికి అరసవల్లి వెళ్ళి ఆ రాత్రి మా మేనత్త ఇంట్లో ఉండిపోయారు. ఆ రాత్రి బోర్డు ఎవరూ ఆపలేదు. పొద్దున్న కంప్యూటర్ ఏ గొడవా చెయ్యకుండా ఆన్ అయింది! మా అమ్మాయే పట్టుకుంది: "నాన్నా, తాతయ్య లేని రోజు బాగుంది." ఇంకో సంగతి కూడా తనే చెప్పింది. మొరాయించిన రోజుల్లో ఎలాగో అలా విండోస్ వస్తే, మూలన తేదీ 2013 అని చూపిస్తోందట. ఇంటర్నెట్ పెడితే గడియారం వెనకపడిందంటూ ఏ సైటూ తెరుచుకోదట.

అసలు జరుగుతున్నది ఇదీ. మదర్‌బోర్డు (డబ్బా లోపల అన్నీ బిగించి ఉండే పెద్ద పలక) మీద రూపాయి బిళ్ళలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది, సీమాస్ బ్యాటరీ అంటారు. ప్లగ్గు తీసేసినా గడియారం నడవడానికి, సెట్టింగులు నిలవడానికి అదే ఆధారం. గోడ మీది స్విచ్‌బోర్డు ఆన్‌లో ఉన్నంతసేపు, కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా సరే, ఎస్ఎంపీఎస్ నుంచి కొద్దిగా కరెంటు లోపలికి వస్తూనే ఉంటుంది. బ్యాటరీ చచ్చిపోయినా అప్పుడు తెలీదు. షాపులో ప్లగ్గు రోజంతా అలాగే ఉంటుంది. ఇంట్లో రాత్రి బోర్డు ఆపితే గడియారం మొదటికి, సెట్టింగులు కంపెనీ పెట్టినట్టుకి వెళ్ళిపోతాయి. హార్డ్ డిస్క్‌తో మదర్‌బోర్డు మాట్లాడే తీరుకి ఏహెచ్‌సీఐ, రెయిడ్ అని రెండు సెట్టింగులుంటాయి. మా దాంట్లో విండోస్ వేసింది అది ఏహెచ్‌సీఐలో ఉండగా. బ్యాటరీ పోయి మొదటికొస్తే అది రెయిడ్ అవుతోంది, డిస్క్ బాగున్నా విండోస్‌కి కనపడదు, నీలం తెర. షాపతను ఎఫ్2 కొట్టి మార్చేది ఇదే. అతని వేళ్ళకి ఎంత అలవాటంటే, అదే రోగమని తట్టలేదు.

ఊళ్ళో మోటార్లు చుట్టే అతని దగ్గర మీటరు పెట్టి చూశాం: 1.9 వోల్టులు. కొత్తదైతే 3కి తగ్గకూడదు. నంబరు సీఆర్ 2032, అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. వాచీల షాపులో 40 రూపాయలు.

కాబట్టి మీరు ఈ రాత్రి పైసా ఖర్చు లేని పని ఒకటి చెయ్యండి. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, బోర్డు మాత్రం ఆపకండి. పొద్దున్న మామూలుగా వచ్చిందా, బ్యాటరీయే. ఉరుములు ఉంటే మాత్రం ఈ పరీక్ష ఇంకో రోజుకి పెట్టుకోండి.

మార్చేటప్పుడు ప్లగ్గు పూర్తిగా పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, ఆ తర్వాతే మూత తియ్యండి. పక్కనున్న చిన్న క్లిప్పు నొక్కితే బిళ్ళ పైకి లేస్తుంది. కొత్తది పెట్టేటప్పుడు ప్లస్ గుర్తున్న వైపు పైకి. స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, సాకెట్ విరిగితే 40 రూపాయల పని కాస్తా మదర్‌బోర్డు పని అవుతుంది. తర్వాత ఆన్ చేస్తూనే ఎఫ్2 కొట్టి సెట్టింగుల్లోకి వెళ్ళి (కొన్నింటికి డిలీట్, ఎఫ్1 లేదా ఎఫ్10 ఉంటుంది) తేదీ సరిచేసి, సాటా ఆపరేషన్ అన్నచోట ఏముందో ఫోన్‌తో ఫొటో తీసి, రెయిడ్ ఉంటే ఏహెచ్‌సీఐ, ఏహెచ్‌సీఐ ఉంటే రెయిడ్ పెట్టి చూడండి. 'బూట్ డివైస్ లేదు' అని వస్తే యూఈఎఫ్ఐ, లెగసీ అని ఇంకో సెట్టింగ్ ఉంటుంది (కంప్యూటర్ విండోస్‌ని మొదలుపెట్టే పద్ధతులు), అది కూడా మారిపోయి ఉండొచ్చు. ఫార్మాట్ మాత్రం కొట్టనివ్వకండి.

బోర్డు ఆపకపోయినా పొద్దున్న అదే గొడవైతే మీ రోగం వేరు. తెర మొత్తం నల్లగా ఉండి బీప్‌లు వస్తుంటే, ప్లగ్గు పీకి, ర్యామ్ (మదర్‌బోర్డులో నిలువుగా గుచ్చి ఉండే మెమరీ పట్టీ) తీసి, బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి ఊది, క్లిక్కుమనేదాకా మళ్ళీ నొక్కండి. మన వైపు తేమ గాలికి అది తరచూ అవసరమే. ఫ్యాన్ రెండు సెకన్లు తిరిగి ఆగిపోతుంటే అప్పుడు ఎస్ఎంపీఎస్‌ని అనుమానించొచ్చు. వీడియోల్లో చూసి వైరు ముక్కతో దాన్ని పరీక్షించకండి, ఆఫీసు మోడళ్ళలో చాలావాటికి పిన్నులు వేరుగా ఉంటాయి. ఎస్ఎంపీఎస్ డబ్బా మూత అసలు విప్పొద్దు, ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.

మొరాయించిన రోజు ఎలాగో అలా విండోస్ వస్తే, మూలన తేదీ ఏ సంవత్సరం చూపిస్తోందో ఒకసారి చూసి ఇక్కడే రాయండి.